ఐదు చెంచాల జావ

వుర్యాని మా ఆసుపత్రికి వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డ పిల్లల కోసం మా సురకర్త నగరంలో విడిగా ఒక వార్డు తెరిచిన సంవత్సరం అది. పన్నెండు మంచాలు, ఒక పెద్ద కసరత్తు గది, వెనకవైపు చక్రాల కుర్చీలు తిప్పడానికి సిమెంటు బాట. పిల్లలకు మళ్ళీ మాట నేర్పడం, మళ్ళీ మింగడం నేర్పడం ఆమె పని. మింగడం కూడా ఒకరు నేర్పాలా అని మొదట్లో నవ్విన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా పేరు కుస్తియా. ఆ వార్డుకు హెడ్ నర్సుని. అప్పటికే పదేళ్ళ సర్వీసు ఉండటంతో నాకు తెలియనిది లేదన్న ధీమా ఉండేది.

ఆమె చెవి ఎలాంటిదో తెలిశాక నా నవ్వు ఆగిపోయింది. వాళ్ళ నాన్న గామెలాన్ అనే మా సంప్రదాయ వాద్యమేళానికి కంచు గంటలు శ్రుతి చేసే పనివాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఏ గంట ఎక్కడ పలకడం లేదో చెప్పేదట. మా దగ్గర పిల్లల గొంతుల్ని అలాగే వినేది. పొడి కలిపి చిక్కబరిచిన నీళ్ళు ఒక చెంచా మింగించి, "ఆ" అనమనేది. గొంతులో ఏ కాస్త తడి మిగిలినా, సగం నిండిన సీసా కదిపినట్టు ఒక గరగర వస్తుందట. ఆమె చెప్పాక కూడా నాకు వినబడేది కాదు. ఆమెకు మాత్రం మంచం అవతల నిలబడినా వినబడేది.

మెదడుకు దెబ్బ తగిలిన పిల్లల్లో కొందరికి తిండి ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు. చూసేవాళ్ళకు చక్కగా మింగినట్టే ఉంటుంది. అందుకని వరసగా మూడు రోజులు పరీక్ష చేసి, మూడు రోజులూ గొంతు శుభ్రంగా పలికితేనే నోటితో తిండి పెట్టనివ్వాలని ఆమే ఒక పద్ధతి పెట్టింది. కేస్ షీట్‌లో దానికి మూడు గడులు గీసింది కూడా ఆమే.

ఇరవై ఏళ్ళలో ఆమె చేతి మీదుగా ఎందరో పిల్లలు తిండి కోసం వేసిన ముక్కు గొట్టం తీయించుకుని ఇంటికి వెళ్ళారు. కసరత్తులు చేయించే గియోనోకు ఆమె మీద చిన్న అసూయ ఉండేది. "కాళ్ళు చాపించేవాణ్ణి నేను, నన్ను చూస్తే ఏడుస్తారు. నువ్వేమో ఈకలు ఊదించి నవ్విస్తావు. పెద్దయ్యాక పెళ్ళికి నిన్నే పిలుస్తారు చూడు," అనేవాడు. నిజంగానే రెండు పెళ్ళిళ్ళకు పిలిచారు. ఆ ఫొటోలు ఆమె బల్ల అద్దం కింద ఉండేవి.

లారస్ మా దగ్గరికి వచ్చినది ఆరేళ్ళ కిందట. ఎనిమిదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పార్తినా బాతిక్ బట్టల మీద మైనం గీతలు గీసే పనిలో ఉండేది. కూతుర్ని బడిలో దింపడానికి స్కూటర్ ముందు నిలబెట్టుకుని వెళుతూ, మలుపులో ఇసుక మీద జారింది. పార్తినాకు మోచెయ్యి గీసుకుపోయింది. లారస్ తల రోడ్డు అంచు రాయికి తగిలింది. హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. ఆ సంగతి మేము ఎవరం అడగలేదు. ఆమే, వార్డులో కొత్తగా కనబడ్డ ప్రతివాళ్ళకూ, అడగకుండానే చెప్పేది.

తొమ్మిది వారాలు వుర్యాని ఆ పిల్లతో కష్టపడింది. నాలుగో వారంలో లారస్ అద్దంలో చూసుకుని పెదవులు కదిపింది. ఆరో వారంలో "అ" అన్నది. వుర్యాని కారిడార్లోకి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. మింగడం మాత్రం ఒకరోజు బాగుండేది, మర్నాడు గొంతులో తడి వినబడేది. మూడు గడులు ఒక్కసారీ వరసగా నిండలేదు.

ఆ మధ్యలో ఒకసారి పార్తినా దూదిని తియ్యటి టీలో ముంచి పిల్ల పెదవులకు అద్దుతుంటే నేను చూశాను. అందరిముందూ గట్టిగానే కేకలేశాను. తల వంచుకుని దూది చెత్తబుట్టలో వేసింది. ఈ సంగతి వార్డులో అందరికీ గుర్తుండిపోయింది.

ఉపవాస మాసం చివరికి వచ్చింది. రంజాన్ సెలవులకు ముందు ఆఖరి పనిదినం గురువారం. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి సగం గదులు ఖాళీ. వుర్యాని భర్త పిల్లలిద్దరితో కింద కారులో కూర్చుని ఉన్నాడు. అత్తగారి ఊరికి ఆరు గంటల ప్రయాణం, రోడ్లు కిక్కిరిసిపోతాయని అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె సంచి భుజాన వేసుకుని వస్తుంటే పార్తినా ఎదురొచ్చింది. పండుగ పూట ఒక్క చెంచా జావ చాలనీ, పిల్ల నాలుకకు ఉప్పు రుచి తగిలితే చాలనీ బతిమాలింది.

వుర్యాని సంచి దించి, లారస్‌ను కూర్చోబెట్టి పరీక్ష చేసింది. గొంతు శుభ్రంగా ఉంది. మంగళవారం, బుధవారం పని ఒత్తిడిలో పరీక్ష చేయనేలేదు. సెలవులయ్యాక మళ్ళీ మొదటినుంచి మూడు రోజులు చూడాలి. ఆమె ఒక్క నిమిషం కలం పట్టుకుని నిలబడి, మూడు గడుల్లోనూ టిక్కులు పెట్టింది. కింద ఇలా రాసింది: రోజుకు ఒకసారి, మెత్తటి బియ్యపు జావ, ఐదు చెంచాలు, నిటారుగా కూర్చోబెట్టి, తల్లి తినిపించవచ్చు. పార్తినా ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. తర్వాత వుర్యాని వెళ్ళి కారెక్కింది.

ఇదంతా చాలా రోజుల తర్వాత ఆమే చెబితే తెలిసింది. ఆ రోజు నేను చూసింది మూడు టిక్కులే.

శనివారం పండుగ. డ్యూటీలో నేనే ఉన్నాను. పార్తినా కొత్త బ్లౌజు వేసుకుని వచ్చింది. జావ గిన్నె ఒడిలో పెట్టుకుని, పిల్ల గడ్డం కిందికి వంచి, ఒక్కో చెంచా పెట్టింది. మైనం గీతలు గీసే చెయ్యి కదా, చెంచా చివర కూడా వణకలేదు. ఐదు పెట్టి గిన్నె మూసేసింది. లారస్ ఇంకా కావాలన్నట్టు గిన్నెకేసి చూసింది. పార్తినా తల అడ్డంగా ఊపి నావైపు చూసి నవ్వింది.

ఆదివారం కూడా పెట్టింది. అప్పుడు నేను అక్కడ లేను. మధ్యాహ్నానికి పిల్లకు జ్వరం మొదలైంది. రెండు గంటల్లో ఊపిరి ఎగపీల్చడం, పెదవులు నీలంగా మారడం. కింద ఐసీయూకి తీసుకెళ్ళి గొంతులో గొట్టం వేశారు. ఊపిరితిత్తుల్లోకి తిండి జారిందని ఎక్స్‌రేలో తెలిసింది.

నేను పార్తినాను పక్కకు పిలిచి అడిగాను. "నిజం చెప్పు. ఐదే పెట్టావా?"

"ఐదే, అక్కా."

"ఇంకోటి పెట్టలేదూ? పండుగ కదా, పిల్ల అడిగి ఉంటుంది."

ఆమె కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుంటున్నట్టు పెదవులు కదిపింది. "ఐదే అనుకున్నాను," అంది మెల్లగా. "ఆరేమో. తెలియడం లేదు."

ఆ మాట నాకు సరిపోయింది. మొదటి రోజు నా కళ్ళతో నేను చూసిన ఐదు చెంచాల్ని పక్కనబెట్టి, టీలో ముంచిన దూదిని ముందుకు తెచ్చుకున్నాను. కేస్ షీట్‌లో "తల్లి చెప్పినదానికన్నా ఎక్కువ తినిపించి ఉండవచ్చు" అని రాశాను. సాయంత్రం డ్యూటీ మారేసరికి ఆ "ఉండవచ్చు" ఎవరి నోటా లేదు. తల్లి దొంగచాటుగా తినిపించిందట అన్నారు. ఆ మాట లారస్ నాయనమ్మ చెవిన పడింది. ఆవిడ అసలే స్కూటర్ సంగతి మరవలేదు. మర్నాడే వచ్చి, పేషెంటు దగ్గర ఉండే పాసు కోడలి మెడలోంచి తీసి తన మెడలో వేసుకుంది. నేను అడ్డు చెప్పలేదు. పార్తినా ఐసీయూ బయట మెట్ల మీద రెండు రోజులు కూర్చుంది. మూడో రోజు నుంచి కనబడలేదు.

శుక్రవారం వుర్యాని సెలవునుంచి తిరిగొచ్చింది. జరిగింది నేనే చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. లారస్ అంటే ఆమెకు ప్రాణం కదా, అందుకే అనుకున్నాను. తల్లి ఎక్కువ పెట్టిందని చెప్పినప్పుడు, "ఎవరన్నారు?" అని మాత్రం అడిగింది. "ఆమే ఒప్పుకుంది," అన్నాను. ఆమె కేస్ షీట్ తెరిచి, మూడు టిక్కులున్న పేజీ చాలాసేపు చూసి మూసేసింది.

ఆమె నోరు విప్పడానికి అప్పటినుంచి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజుల గురించి తర్వాత నాతో చెప్పుకుంది. ఉదయం స్నానం చేస్తున్నప్పుడు ఇవాళ చెప్పేస్తాననుకునేదట. వార్డు మెట్లెక్కేసరికి, నిజంగానే తల్లి ఎక్కువ పెట్టిందేమో, టిక్కులకూ దీనికీ సంబంధం లేదేమో అనిపించేదట. ఆ ఆలోచన తనకు హాయినిచ్చేదని కూడా దాచలేదు. "తప్పు పార్తినా మీదికి పోతోంటే నాకు ఊపిరాడేది అక్కా," అంది.

బుధవారం మా టీమంతా కూర్చునే రోజు. డాక్టర్ హెస్తి, గియోనో, వుర్యాని, చేతిపని నేర్పే ఆయన, నేను. లారస్ ఐసీయూ నుంచి పైకి వచ్చాక ఆమెకు తినిపించే పని తల్లికి ఇవ్వకూడదని నిర్ణయమైంది. నాయనమ్మకు నేర్పమని డాక్టర్ చెప్పింది. ఎవరు నేర్పుతారన్నది అడగాల్సిన పనే లేదు. వుర్యాని తల ఊపింది.

ఐసీయూలో చేరిన పదకొండు రోజులకు లారస్ పైకి వచ్చింది. ముక్కులో మళ్ళీ గొట్టం. పలికిన "అ" పోయింది. మోకాళ్ళు బిగుసుకుపోయి, గియోనో చాపబోతే పిల్ల శబ్దం లేకుండా ఏడ్చేది. సోమవారం వుర్యాని నాయనమ్మను కూర్చోబెట్టి, పిల్లను ఎలా పట్టుకోవాలో, గడ్డం ఎంత వంచాలో ఒక బొమ్మ మీద చూపించింది. ఆవిడ చెయ్యి వణికేది. నేర్చుకుంటూనే కోడల్ని ఆడిపోసుకుంటూ ఉండేది. వుర్యాని వింటూ, చెంచా సరిగ్గా పట్టిస్తూ ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం పార్తినా వచ్చింది. వార్డులోకి రాకుండా, క్యాంటీన్ దగ్గర వుర్యాని కోసం నిలబడింది. సంచిలోంచి ఒక గిన్నె, ఒక చెంచా తీసి బల్ల మీద పెట్టింది. రోజూ ఇంట్లో నీళ్ళతో లెక్కపెట్టుకుంటూ అభ్యాసం చేస్తున్నానంది. పైకి గట్టిగా లెక్కపెడుతున్నాననీ, ఈసారి తప్పు జరగదనీ చెప్పింది. తనకు మళ్ళీ తినిపించే పని ఇస్తారేమో డాక్టరమ్మను అడగమంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఒక్క చెంచా ఎక్కువైతే ఇంత అవుతుందా?"

వుర్యాని అక్కడ నిజం చెప్పలేకపోయింది. రేపు మాట్లాడతానని చెప్పి పైకి వచ్చేసింది. లిఫ్టు దగ్గర నాకు ఎదురైనప్పుడు ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి. ఒంట్లో బాగాలేదా అంటే, లేదని తలూపింది.

మర్నాడు టీమ్ మీటింగ్‌లో డాక్టర్ హెస్తి మొదటి పేరు చదవబోతుంటే వుర్యాని చెయ్యెత్తింది. కేస్ షీట్ బల్ల మధ్యకు జరిపింది. "ఈ మూడు టిక్కుల్లో నిజమైనది ఒక్కటే," అంది. "మిగతా రెండూ నేను చేయకుండా పెట్టినవి. ఊరికి వెళ్ళే తొందరలో పెట్టాను. ఆమె ఎన్ని చెంచాలు పెట్టిందన్నది కాదు, అసలు ఒక్కటి కూడా పెట్టనివ్వాల్సింది కాదు."

గియోనో కిటికీవైపు తిరిగి, "ఆ పిల్ల మోకాలు చాపినప్పుడల్లా నేను తల్లిని తిట్టుకుంటున్నాను. రోజూ. లోపల్లోపల కాదు, పైకే," అన్నాడు.

నా వంతు వచ్చింది. మొదటి రోజు ఐదు చెంచాలూ నా ఎదుటే పెట్టిందని చెప్పాను. ఈ మాట ముందే ఎందుకు రాయలేదని డాక్టర్ అడిగింది. నేను రాసిన వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం చేసి తారీఖు వేశాను.

ఇదంతా జరగకుండా ఉండేదా అని వుర్యాని డాక్టర్ను అడిగింది. మూడు రోజుల పరీక్ష చేసి ఉంటే మింగడంలో లోపం తప్పకుండా బయటపడేదా అని. డాక్టర్ హెస్తి మెత్తటి మనిషి. ఆ రోజు మాత్రం ఓదార్చలేదు. "చెప్పలేను. బయటపడి ఉండొచ్చు. ఆ అవకాశం పిల్లకు ఇవ్వలేదు మనం," అంది. ఆ "మనం" కూడా వుర్యానికి బరువుగానే తోచిందట.

అదే రోజు సాయంత్రం నాలుగింటికి పార్తినానూ అత్తగారినీ చిన్న గదిలోకి పిలిచాం. డాక్టర్ మొదలుపెట్టబోతే వుర్యాని తనే చెబుతానంది. ఎక్కడా తగ్గించకుండా, తొందరలో ఉన్నాననే మాట కూడా కలపకుండా చెప్పింది. చివర్లో క్షమించమని అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదంది తర్వాత.

పార్తినా చాలాసేపు బల్ల అంచు చూస్తూ కూర్చుంది. తర్వాత, "అయితే ఐదే," అంది.

"ఐదే," అన్నాను నేను. "మొదటి రోజు నేను చూశాను."

ఆమె నావైపు తల తిప్పింది. ఆ చూపును ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. "మీరు చూశారు," అంది. అంతే. వుర్యానితో మాత్రం మాట్లాడింది. "అత్తయ్య అంది, సరే. వీధిలో అన్నారు, సరే. నా చేతిని నేనే నమ్మడం మానేశానక్కా. కార్ఖానాలో గీతలు వంకర పోతున్నాయని పని తీసేసి ఇంటికి పంపారు. మీకు తెలుసు. అయినా నిన్న నా గిన్నె చూస్తూ నిలబడ్డారు."

వుర్యాని తల దించుకోలేదు. దించుకుంటే తప్పించుకున్నట్టవుతుందని అనిపించిందట.

పార్తినా అత్తగారివైపు చెయ్యి చాచింది. ఆ ముసలావిడ ఒక్క క్షణం తటపటాయించి, పాసు తాడు తలమీదుగా తీసి ఆ చేతిలో పెట్టింది. పార్తినా దాన్ని మెడలో వేసుకుని లేచింది. తలుపు దగ్గర ఆగి, ఇకనుంచి తన కూతుర్ని వుర్యాని ముట్టుకోకూడదని డాక్టర్‌తో చెప్పి వెళ్ళిపోయింది.

ఆసుపత్రి వాళ్ళు వుర్యానికి హెచ్చరిక లేఖ ఇచ్చారు. ఆరు నెలలపాటు మింగే పరీక్షలు ఆమె ఒక్కతే చేయకూడదన్నారు. ఆమె దగ్గర పని నేర్చుకున్న నిర్మలాసరి అనే అమ్మాయి పక్కన నిలబడి చూడాలి, సంతకం పెట్టాలి. వుర్యాని ఎదురు చెప్పలేదు. పెళ్ళి ఫొటోలు అద్దం కిందనుంచి తీసేసింది. ఎందుకని అడిగితే, వాటిని చూసి మురిసిపోతూ చేసిన పనే ఇది కదా అంది. ఉద్యోగం మానేస్తానని ఒకసారి అంది. గియోనోకు కోపం వచ్చింది. "మానేసి ఏం చేస్తావు? ఇంట్లో కూర్చుని ఏడుస్తావు. ఆ ఏడుపేదో ఇక్కడే ఏడువు, పనైనా జరుగుతుంది," అన్నాడు. ఆమె మానలేదు.

లారస్‌కు నిర్మలాసరి నేర్పింది. మూడు గడులు నిండడానికి మరో పదకొండు వారాలు పట్టింది. నిండిన రోజు పార్తినా జావ తినిపించింది, ఐదు చెంచాలు. వుర్యాని ఆ వైపు వెళ్ళలేదు. మందుల గదిలో నా పక్కన నిలబడి, గోడ అవతలినుంచి పిల్ల "ఆ" అనడం విన్నది. "శుభ్రంగా ఉంది," అంది నాతో. పిల్ల ఇంటికి వెళ్ళేటప్పుడు కుడికాలు ఈడుస్తూ నడిచేది. మాట నెమ్మది. ఐసీయూలో గడిచిన రోజులు లేకపోతే ఇంకా బాగుండేదా అన్నది ఎవరూ చెప్పలేరు. వుర్యాని మాత్రం బాగుండేదనే లెక్కలో బతికింది.

రెండేళ్ళు గడిచాయి. నిర్మలాసరి పెళ్ళి చేసుకుని సెమరాంగ్ వెళ్ళిపోయింది. ఒక సోమవారం పొద్దున పార్తినా లారస్‌ను తీసుకుని వచ్చి, నేరుగా వుర్యాని గది ముందు కూర్చుంది. నేను దాటి వెళుతుంటే పలకరింపుగా తల వంచింది. నాతో ఆమె మాటలు అంతవరకే, ఇప్పటికీ అంతే.

వుర్యాని బయటికి వచ్చి ఆగిపోయింది. పార్తినా లేచి నిలబడి, బడిలో పిల్లలు లారస్‌ను ఏడిపిస్తున్నారని చెప్పింది. తన పేరు తనే "లాలస్" అంటోందట. రకారం పలకడం లేదు.

"నేను నేర్పొచ్చా?" అంది వుర్యాని.

"మిమ్మల్ని క్షమించానని కాదు," అంది పార్తినా. "ఈ పని మీకు బాగా వచ్చు. అందుకని."

వారానికి రెండు రోజుల చొప్పున ఏడు నెలలు. నాలుకను పైకి తిప్పి ఎలా అదిరించాలో అద్దంలో చూపించేది. మోటారు శబ్దం చేయించేది, గుర్రాన్ని ఆపే శబ్దం చేయించేది. పార్తినా ప్రతిసారీ గదిలోనే, తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. మైనం పని మళ్ళీ మొదలుపెట్టింది కాబట్టి ఆమె వేళ్ళకు గోధుమరంగు మరకలు ఉండేవి. ఒకరోజు లారస్ తన పేరు సరిగ్గా పలికి, పలికానని తనకే తెలియక, తర్వాతి మాటకు వెళ్ళిపోయింది. వుర్యాని పార్తినాకేసి చూసింది. పార్తినా గోడమీది క్యాలెండర్ చూస్తోంది, ముక్కు తుడుచుకుంటోంది.

లారస్‌కు ఇప్పుడు పద్నాలుగేళ్ళు. ఆరు నెలలకోసారి చూపించుకోవడానికి వస్తుంది. వుర్యానిని పిన్నీ అని పిలుస్తుంది. బడి కబుర్లు చెబుతుంది, గియోనోను వెక్కిరిస్తుంది. స్కూటర్ సంగతి ఆ పిల్లకు తెలుసు, వాళ్ళమ్మే చెప్పింది. టిక్కుల సంగతి తెలియదు. చెప్పేయాలని ఉందని వుర్యాని ఒకసారి పార్తినాను అడిగింది. చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్న నిర్ణయం తనదేననీ, వుర్యాని మనసు తేలిక పడటానికి తన కూతురు బరువు మోయనక్కర్లేదనీ పార్తినా అంది.

అది న్యాయమేనని వుర్యాని నాతో అంది. లారస్ వచ్చే రోజు మాత్రం ఆమె పొద్దున్నుంచీ ఏమీ తినదు. పిల్ల తలుపు తోసుకుని లోపలికి రాగానే ముందు ముఖం చూస్తుంది, ఈసారి తెలిసి వచ్చిందా అని.